మొగలు కట్టడముల కథ – 9: మక్రానా రాయి, ముప్పది గ్రామముల రాబడి

గత ప్రకరణమున ఆగ్రా నగరమున యమునకు ఆవలి గట్టున నూర్జహాను బేగము తన తల్లిదండ్రులకై కట్టించిన ఇతిమాదుద్దౌలా సమాధిమందిరమును చూచితిమి. నిలువెల్ల చలువరాయి తొడిగికొని, రంగురాళ్ళ పొదుగుపనితో మెరసిన తొలి మొగలు కట్టడములలో అది ఒకటి. ఆ మందిరమున నిదురించుచున్న మీర్జా గియాసు బేగునకు అర్జుమందు బాను అను మనుమరాలు కలదు. 1593లో జన్మించిన ఆమెను 1612లో జహంగీరు చక్రవర్తి కుమారుడు ఖుర్రము పెండ్లాడెను. ఆ ఖుర్రమే 1628లో షాజహాను అను పేర సింహాసనమెక్కగా, ముంతాజమహలు అను బిరుదము ధరించిన ఆమె పట్టమహిషి అయ్యెను. మేనత్త తన తండ్రికై కట్టించిన మందిరమునకు కొంత దిగువగా, నదికి ఈవలి గట్టున మేనకోడలికై లేచిన మందిరమే తాజమహలు.

తాజమహలనగనే ప్రేమకథ చెప్పుట మనకు అలవాటైపోయినది. ఆ ప్రేమను శంకింప నక్కరలేదు. ఆస్థాన చరిత్రకారులు ఆ దంపతుల అనురాగమును గూర్చి చెప్పియున్నారు. అయినను ఎవరి నేల తీసికొనబడినదో, ఎచ్చటి గనులనుండి ఎవరి బండ్లు కదలినవో, ఎంత సొమ్ము వెచ్చమైనదో, కట్టిన పిమ్మట ఆ కట్టడమును ఎవరు ఏ రాబడితో కాపాడుచు వచ్చిరో తెలిసికొనని యెడల ఆ మందిరము మనకు పటములో చూచిన బొమ్మగనే మిగిలిపోవును. ఈ ప్రకరణమున నేను విడువక పట్టుకొనదలచిన సూత్రము అదియే.

కథ ఆగ్రాలో గాక తపతీ తీరమునందలి బుర్హానుపురమున ఆరంభమగుచున్నది. తిరుగబడిన సర్దారు ఖాను జహాను లోడీని అణచుటకును, అతనికి ఆశ్రయమిచ్చిన అహమ్మదునగరు రాజ్యమును లొంగదీయుటకును షాజహాను దక్కనునకు దండు వెడలి, బుర్హానుపుర దుర్గమున విడిసియుండెను. (గోలకొండ ఏలిక అబ్దుల్లా కుతుబుషా 1636లో మొగలులకు కప్పము కట్ట నొప్పుకొనుటకు దారితీసిన దండయాత్రల పరంపర ఇదియే గనుక, ఆ శిబిరమునకును మన తెలుగుదేశపు చరిత్రకును సంబంధము లేకపోలేదు.) భర్త ఎచ్చటికి పోయినను వెంట నడచుట అలవాటైన ముంతాజమహలు నిండు గర్భిణియై ఆ శిబిరముననే యుండి, 1631 జూను 17వ తేదీన తన పదునాలుగవ కాన్పున గౌహరారా అను ఆడుశిశువును ప్రసవించి, అసువులు బాసెను. కన్న పదునలుగురిలో ఏడుగురు మాత్రమే బ్రదికి బట్టకట్టిరి. చక్రవర్తి రెండేండ్లపాటు సంగీతమును, ఆభరణములను, పట్టుబట్టలను విడిచెననియు, అంతవరకు నల్లగా నుండిన అతని గడ్డము త్వరలోనే నెరసెననియు ఆస్థాన చరిత్రకారులు వ్రాసిరి.

ఇచ్చట పాఠకుడు ఒక్క నిమేషము ఆగవలెను. ఆ రాణి కన్నుమూసిన సమయమున ఆ దుర్గము వెలుపల లోకమెల్ల కన్నుమూయుచుండెను. 1630 మొదలు 1632 వరకు గుజరాతును, ఖాందేశును, దక్కనును పట్టి పీడించిన క్షామము మన దేశ చరిత్రలోని మహాక్షామములలో ఒకటి. సూరతునుండి బుర్హానుపురము మీదుగ ఆగ్రాకు ప్రయాణము చేసిన పీటరు మండీ అను ఆంగ్ల వర్తకుడు త్రోవపొడవునను శవములను, పాడువడిన ఊళ్ళను చూచి, గుడారము వేసికొనుటకైనను శుభ్రమైన నేల దొరకని దుఃస్థితిని తన దినచర్యలో వర్ణించెను. చక్రవర్తి బుర్హానుపురమున అన్నసత్రములు తెరపించి, ప్రతి సోమవారము 5,000 రూపాయల చొప్పున మొత్తము లక్ష రూపాయలు పేదలకు పంచిపెట్టించెననియు, ఖాలసా (సర్కారు స్వంత) భూములలో ఇంచుమించు 70 లక్షల రూపాయల శిస్తు వదలుకొనెననియు ఆస్థాన చరిత్రకారుడు అబ్దుల్ హమీదు లాహోరీ 'పాద్షానామా'లో నమోదు చేసెను. తాజమహలునకైన వెచ్చము 50 లక్షల రూపాయలని చెప్పినదియు ఆ గ్రంథమే. ఒకే చేతితో వ్రాయబడిన ఈ అంకెలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు, శిస్తుమాఫీ దొడ్డదే గాని ఆకలితో అలమటించువారి చేతికి నేరుగ అందినది ఎంత స్వల్పమో తెలియగలదు. ఆ స్వల్పతను మరుగుపరచి తాజమహలును కీర్తించుట చరిత్రకారునకు ధర్మము కాదని నా నిశ్చితాభిప్రాయము.

మొదట తపతికి ఆవలి గట్టున జైనాబాదు తోటలో ఖననము చేయబడిన రాణి దేహమును 1631 డిసెంబరున వెలికితీసి, రాజకుమారుడు షుజా వెంటరాగా ఆగ్రాకు తరలించిరి. అప్పటికే స్థలనిర్ణయము జరిగిపోయెను. అది అంబరు రాజగు మానసింహుని వంశమువారి భవనమున్న నేల. అప్పటి హక్కుదారు రాజా జయసింహుడు. ఆయన ఊరకయే ఇచ్చుటకు సిద్ధపడినను చక్రవర్తి అట్లు గ్రహింపక, ఆగ్రాలోనే నాలుగు హవేలీలను బదులుగ ఇచ్చెను. ఆ ఇచ్చిపుచ్చుకోళ్ళను ధ్రువపరచు ఫర్మానా 1633 డిసెంబరు 28వ తేదీది నేటికిని నిలిచియున్నది. ఫర్మానా రాకకు మున్నే, 1632 ఆరంభముననే, పనులు మొదలైనవి. ఆగ్రాకు తిరిగివచ్చిన మండీ ఆ తొలిదినముల సన్నాహమును చూచి, వెండిబంగారములు సాధారణ లోహములవలె వెచ్చింపబడుచున్నవనియు, చూపునకు అడ్డముగ నున్న మిట్టలను చదును చేయుచున్నారనియు వ్రాసికొనెను.

ఆ జయసింహునకే మరియొక భారము పైబడినది. చలువరాతి గనులు మక్రానాలో, నేటి రాజస్థానమున, ఆగ్రాకు ఇంచుమించు 400 కిలోమీటర్ల దూరమున నున్నవి. అచ్చటినుండి రాయి తెచ్చుటకు బండ్లను, బండ్లకు ఎడ్లను, గనులకు కాసెపనివారిని సమకూర్చవలసినదిగా చక్రవర్తి 1632 మొదలుకొని రాజునకు ఫర్మానాలు పంపుచు వచ్చెను. 1637 నాటి ఫర్మానాలో స్వరము కొంత కఠినమైనది: నీ మనుషులు అంబరులోను, రాజనగరులోను కాసెపనివారిని నిలిపివేసికొనుచున్నారట, మక్రానాకు వచ్చువారు తగ్గిపోయిరట, ఇకమీదట ఎవ్వరిని ఆపరాదు, అందరిని మక్రానాకు పంపవలెను అని దాని భావము. ప్రపంచమున అతిసుందరమని పేరొందిన కట్టడమునకు వెనుక కూలివారు చాలకపోవుటయు, రాజోద్యోగుల మందలింపులును, రాతిపనివారికై రాజాస్థానముల నడుమ పెనుగులాటయు నుండెనని ఈ కాగితములు చెప్పుచున్నవి. నాకు తాజమహలు మీది పద్యములన్నిటికంటె ఈ ఫర్మానాలే ఎక్కువ హృదయంగమముగ తోచును.

రాయి వచ్చుచుండగా ఇచ్చట నది ఒడ్డున పునాది సమస్య ఎదురైనది. ఇసుకనేల; ఏటేట వరదలు; పైన మోపవలసినది గుమ్మటముతో కూడి 73 మీటర్ల ఎత్తుగల భారము. మొగలు స్థపతులు దీనికి కనుగొన్న ఉపాయము బావుల పునాది: నదివైపున నీటిమట్టమునకు దిగువవరకు వరుసగ బావులు దించి, వాటిని రాళ్ళతోను గచ్చుతోను కూరి, వాటిపై ఎర్రరాతి వేదిక లేపి, ఆ వేదికపై చలువరాతి అరుగును, అరుగుపై మందిరమును నిలిపిరి. మందిరపు గర్భమంతయు ఇటుకయు సున్నమునే. చలువరాయి పైతొడుగు మాత్రము. ఆనాటి గచ్చులో బెల్లము, మినుములు, మారేడు గుజ్జు వంటివి కలిపి నానవేసి దంచుట వాడుక. మన ఊళ్ళలో పాతమేడల గచ్చు దంచిన ముదుసలి మేస్త్రీలకు ఆ విద్య విడ్డూరముగ తోచదు. గుమ్మటము నిజమునకు ఒకటి కాదు, రెండు: లోపలినుండి చూచువారికి కనబడునది 24 మీటర్ల ఎత్తుననే ముగియు చిన్న గుమ్మటము, దానిపై, నడుమ గొప్ప శూన్యమును విడిచి, దూరమునుండి చూచువారికై వెలుపలి పెద్ద గుమ్మటము. దిల్లీలోని హుమాయూను సమాధిలో మనము ఇదివరకు చూచిన పద్ధతియే ఇచ్చట పూర్ణవికాసము పొందినది.

అయితే ఒక విషయమున తాజమహలు హుమాయూను సమాధితో విభేదించుచున్నది. అచ్చట మందిరము నాలుగు భాగముల ఉద్యానమునకు నట్టనడుమ నుండగా, ఇచ్చట తోట ముందు నిలిచి, మందిరము దాని కొసన నదిపై నిలిచినది. ఆగ్రాలో శ్రీమంతుల నివాసములన్నియు నదివైపు ముఖము పెట్టి, వెనుక తోటతో యమున ఇరుగట్టుల వరుసదీరి యుండెడివి. పడవపై పోవుటయే ఆనాటి సుఖప్రయాణము. కనుక తాజమహలునకు అసలు ముఖములలో ఒకటి యమున. నేడు మనమందరము తోటవైపునుండియే చూచుచున్నాము గాని, ఆ దృశ్యము సగము మాత్రమే.

తోటకు నీరెట్లు? యమునానీటిని ఎడ్లు లాగు మోటలతో పైకి చేది, కాలువమీదుగ ఎత్తైన తొట్లకు చేర్చి, అచ్చటినుండి భూమిలో పాతిన గొట్టములగుండ ఉద్యానమునకు విడిచిరి. ఫౌంటెనులన్నియు ఒకే ఎత్తున చిమ్మవలెనని ఒక్కొక్కదాని క్రింద ఒక్కొక్క రాగిబిందెను అమర్చి, ఆ బిందె నిండిన పిమ్మటనే నీరు పైకెగయునట్లు చేసిరి. అందుచేత మొదటి ఫౌంటెనునకును కడపటిదానికిని ఒత్తిడి సమమైనది. కపిలె తోలిన రైతునకు ఈ ఏర్పాటును వివరించినచో నిమేషములో గ్రహించును.

ఇంత పనికి సూత్రధారులెవరు? పర్యవేక్షణము మక్రమతు ఖానునకును మీర్ అబ్దుల్ కరీమునకును అప్పగింపబడినదని పాద్షానామా చెప్పుచున్నది. శిల్పి పేరు అది చెప్పదు. ఉస్తాదు అహమ్మదు లాహోరీ దీనిని నిర్మించెనని అతని కుమారుడు లుత్ఫుల్లా తన పద్యములలో చెప్పుకొనెను. 1639లో పునాది పడిన దిల్లీ ఎర్రకోటకును ఆ అహమ్మదే ప్రధానశిల్పులలో ఒకడు గనుక, నేటి చరిత్రకారులలో పెక్కురు ఆ మాటను అంగీకరించుచున్నారు. జెరోనిమో వెరోనియో అను వెనీసు నగల వర్తకుడు దీనికి రూపకల్పన చేసెనని ఒక పాశ్చాత్య మతాచార్యుడు వ్రాసిన వ్రాత మాత్రము ఏ మొగలు పత్రమునందును నిలువదు.

కట్టడముపై స్వయముగ పేరు చెక్కికొను భాగ్యము ఒక్కనికే దక్కినది. అతడు షీరాజునుండి వచ్చిన అబ్దుల్ హక్కు, అమానతు ఖాను అను బిరుదముగల లిపికారుడు. మందిరపు నాలుగు ముఖముల కమానుల చుట్టును ఖురానులోని 36వ సూరాను, తోటలోనికి పోవు మహాద్వారముపై 89వ సూరాను నల్లరాతి అక్షరములుగ పొదిగించినది అతడే. క్రిందినుండి చూచువారికి పైకి పోయినకొలది అక్షరములు చిన్నవిగ కనబడుట సహజము. అందుకని పై వరుసల అక్షరములను దామాషాగ పెద్దవి చేయించి, మన కంటికి అన్నియు సమముగ తోచునట్లు కూర్చెను. మందిరము లోపల అతని సంతకము క్రింద హిజరీ 1048, అనగా క్రీ.శ. 1638–39, అను తేదీ కలదు. మహాద్వారముపై తుదితేదీ హిజరీ 1057, అనగా 1647. కట్టడపు వయస్సును గూర్చిన వాదములకు ఈ రెండు తేదీలను మించిన సాక్ష్యము లేదు.

పేరు చెక్కికొనలేనివారు సైతము తమ గురుతు విడిచిరి. పర్యాటకులు చూపంతయు గుమ్మటముపై నిలిపి నడచు ఎర్రరాతి పలకలను వంగి చూచినచో, అచ్చటచ్చట వ్రేలెడంత పొడవున నక్షత్రము, బాణము, త్రిభుజము, చేప, స్వస్తికము వంటి చిన్న గీతలు కనబడును. అవి ఆ పలకలను చెక్కిన పనివారి గురుతులు. తాజమహలు చేసినవారి చేవ్రాళ్ళను చేతితో తాకి చూడగలిగిన చోటు అదియొక్కటే.

ఇక లోపలి పొదుగుపని. దీనిని పర్చీన్‌కారీ అందురు. విల్లువలె వంచిన వెదురునకు తీగె కట్టి, కురువిందపు పొడియు నీళ్ళును పోయుచు రంగురాతిని రేకులుగ కోసి, ఆ రేకు ఆకృతికి సరిపోవునట్లు చలువరాతిలో గుంట తొలిచి, బంకతో అంటించి, రెండును ఒక్క పలకయే అనునట్లు అరగదీయుదురు. ముంతాజమహలు గోరీ ప్రక్కలనున్న పూవులలో ఒక్కదానిని దగ్గర నిలిచి చూడుడు. దూరమునకు ఒక్క ఎర్రరంగుగ తోచిన రేకులో, కొసన కెంపు, నడుమ నారింజ, మొదట లేత తేనెరంగు వచ్చునట్లు వేరువేరు అకీకు ముక్కలను ఏరి కూర్చిరి. అతుకు వ్రేలికి తగులదు. కావలివారు చిన్న దీపమును ఆ రేకునకు ఆనించి వెలిగింతురు. అంతట చుట్టునున్న చలువరాయి పాలవలె వెలుగగా, అకీకు నిప్పుకణిక వలె లోపలినుండి రగులును. నీలపురాయి లాజవర్దు బదక్షానునుండి వచ్చినది. తాజగంజు సందులలో ఈ విద్యను నేటికిని వంశపారంపర్యముగ చేయు కుటుంబములు కలవు. వారి పనిముట్లలో కొన్ని నేటికిని పాతపద్ధతివే.

మేడపై నున్న గోరీలు రెండును (రెండవది పిమ్మట షాజహానునకై చేర్చినది) ప్రతిరూపములే గాని, అసలు సమాధులు వాటి క్రిందనున్న నేలమాళిగలో కలవు. గోరీ చుట్టును మొదట బంగారు కటకటాలు నిలుపబడెను. వాటికి బదులుగ 1643లో చలువరాతి జాలీని అమర్చిరి. ఆ సంవత్సరమున ఫిబ్రవరి నెలలో ముంతాజమహలు పండ్రెండవ ఉర్సు (వర్ధంత్యుత్సవము) జరిగిన సందర్భముననే లాహోరీ కట్టడమును సమగ్రముగ వర్ణించెను. ఆ వర్ణనలో నా కంటికి అన్నిటికంటె విలువైన భాగము సౌందర్యమును గూర్చినది కాదు, రాబడిని గూర్చినది. ఆగ్రా పరిసరములలోని ముప్పది గ్రామముల శిస్తు సాలుకు లక్ష రూపాయలు, మందిరము ముందు వెలసిన ముంతాజాబాదు అను ఊరిలోని బజారులు, సరాయీల అద్దెలును మందిరపు బాగోగులకును, అచ్చటి పనివారి జీతములకును శాశ్వతముగ వక్ఫు చేయబడినవి. ఆ ముంతాజాబాదే నేటి తాజగంజు. దేవాలయమునకు మాన్యములు వ్రాయని ప్రతిష్ఠ దీపము లేని గుడి అగునని మన పూర్వులు ఎరుగుదురు. షాజహానునకు ఆ సంగతి బాగుగ తెలియును.

తెలిసినను చాలలేదు. 1652 డిసెంబరులో దక్కను సుబేదారీకి పోవుచు ఆగ్రాలో ఆగిన ఔరంగజేబు తండ్రికి వ్రాసిన లేఖ యొకటి మిగిలియున్నది. పునాదులు చెక్కుచెదరలేదు గాని, వానకాలమున గుమ్మటము ఉత్తరపు వైపున రెండు చోట్ల కారుచున్నది. నాలుగు పెద్ద కమానులును, పైఅంతస్తు గదులలో పెక్కును, చిన్న గుమ్మటములును చెమ్మగిలినవి. మసీదు గుమ్మటములును కారినవి. నది కావలి మహతాబు తోట వరదలో మునిగి కళతప్పినది అని అందలి విషయము. ఉర్సులో సంపూర్ణమని వర్ణింపబడి పదేండ్లయినను నిండకముందే తాజమహలు కారినది! ఈ లేఖ చదివిననాటినుండి నాకు ఆ మందిరముపై గౌరవము పెరిగినదే గాని తగ్గలేదు. మేస్త్రీలు గుమ్మటమునెక్కి మరమ్మతు చేయుచు వచ్చిరి గనుకనే నేడది మన కన్నుల యెదుట నిలిచియున్నది.

షాజహాను 1657లో జబ్బుపడుటయు, కుమారులు కలహించుటయు, 1658లో ఔరంగజేబు తండ్రిని ఆగ్రా కోటలో నిర్బంధించుటయు పాఠకులకు సుపరిచితములు. 1666 జనవరిలో ఆయన కన్నుమూయగా, భార్యకు పడమటి ప్రక్కను చోటు చేసి సమాధి చేసిరి. కుడియెడమలు తక్కెడలో తూచినట్లున్న ఆ మహారచనలో సమత తప్పిన వస్తువు ఆయన గోరీ ఒక్కటే.

ఇట్టి కట్టడము చుట్టును కట్టుకథలు అల్లుకొనుట సహజము. పనివారి చేతులు నరికించెనను కథకు సమకాలిక సాక్ష్యము ఒక్కటియు లేదు. ఉస్తాదు అహమ్మదు దిల్లీ ఎర్రకోటను కట్టెను. అతని కుమారుడు అతావుల్లా ఔరంగాబాదులో మరియొక మందిరమును కట్టెను. నరికిన చేతులతో కోటలు లేవవు. నది ఆవల నల్లరాతి తాజమహలును కట్టదలచెనను మాటకు మూలము ఫ్రెంచి రత్నవర్తకుడు తవర్నియే వ్రాసిన ఒక వాక్యము. తాజమహలు పని ఆరంభమును కన్నులార చూచితినని వ్రాసిన ఆ పెద్దమనిషి ఆగ్రాకు మొదట వచ్చినది 1640 ప్రాంతమున! మహతాబు తోటలో 1990ల దశాబ్దమున జరిగిన త్రవ్వకములలో నల్లరాతి మందిరపు పునాది దొరకలేదు. దొరికినది తాజమహలు నీడను నిలుపు ఎనిమిదంచుల కొలను. గవర్నరు జనరలు బెంటింకు తాజమహలును రాళ్ళధరకు వేలము వేయబూనెననునదియు అట్టిదే. ఆగ్రా కోటలోని స్నానశాల చలువరాళ్ళను అమ్మించిన సంగతి ముదిరి అంత కథయైనది.

వేలము వేయకపోయినను, దుర్దశ మాత్రము నిజము. ఔరంగజేబు అనంతరము ముప్పది గ్రామముల రాబడి ఎవరి చేతిలోనికి పోయెనో, కావలివారి జీతములు ఎప్పుడు నిలిచెనో గాని, రాజ్యము సడలినకొలది మందిరమును సడలినది. 1761లో భరతపురపు జాట్లు ఆగ్రాను పట్టిరి, తరువాత మరాఠాలు, 1803లో లార్డు లేకు దండు. కంపెనీ దొరల కాలమున అరుగుపై బ్యాండు మేళములు, విందులు, నృత్యములు సాగినవనియు, విందునకు వచ్చినవారు సుత్తియు ఉలియు తెచ్చుకొని ప్రొద్దుపోక అకీకు ముక్కలను పెళ్ళగించుకొని పోయెడివారనియు స్వయముగ వైస్రాయి కర్జను చెప్పి సిగ్గుపడెను. ఆయన దొరతనమును మనము ఇతరత్ర ఎంతగ నిరసించినను, ఈ ఒక్క విషయమున కృతజ్ఞత చెప్పకుండుట అన్యాయము: ముందుభాగపు చావడులను పునరుద్ధరింపజేసి, కాలువలను బాగుచేయించి, తోటను తీర్చిదిద్ది, 1904లో ప్రాచీన కట్టడముల రక్షణ శాసనమును తెచ్చెను. గోరీలపై వ్రేలాడు కంచుదీపము ఆయన కైరోనగరమున చేయించి సమర్పించినదే. తోటను మాత్రము ఇంగ్లీషు పచ్చికబయలుగ మార్చి, పండ్లచెట్లతో పూలచెట్లతో దట్టముగ నుండిన మొగలు ఉద్యానమును పోగొట్టెను. ఆ నష్టము నేటికిని పూడలేదు.

మన కాలమున శత్రువు పొగ. చుట్టునున్న కర్మాగారములు, ఇటుకబట్టీలు, వాహనములు వెదజల్లిన మసియు గంధకపు వాయువును చలువరాతిని పసుపుపచ్చ చేయుచుండగా, 1996 డిసెంబరు 30న సుప్రీముకోర్టు తీర్పు చెప్పి, తాజమహలు చుట్టును 10,400 చదరపు కిలోమీటర్ల రక్షణమండలములోని 292 కర్మాగారములు బొగ్గు మాని సహజవాయువునకు మారవలెను, లేదా తరలిపోవలెను అని శాసించెను. మసిబారిన గోడలకు ముల్తానీ మట్టిని పూతపూసి, ఆరిన పిమ్మట కడిగివేయుట పురావస్తుశాఖవారి చికిత్స. మన ఆడువారు మొగమునకు వాడు మట్టియే అది. కాని యమున ఎండి, మురుగు నిలిచి, 2016లో ఆ మురుగులో పుట్టిన పురుగులు నదివైపు గోడలను ఆకుపచ్చ మరకలతో నింపినప్పుడు, మట్టిపూత మూలవ్యాధికి మందు కాదని స్పష్టమైనది. నదిని బాగుచేయక మందిరమును బాగుచేయజాలము. ఈ పని పురావస్తుశాఖ ఒక్కదానివలన అగునది కాదు.

చూడబోవువారికి నాలుగు మాటలు. హైదరాబాదునుండి దిల్లీకి పోవు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా కంటోన్మెంటులో ఆగును. శుక్రవారము మందిరము పర్యాటకులకు మూసియుండును. పొద్దుపొడువకముందే తూర్పు వాకిటనో పడమటి వాకిటనో నిలిచినవారికి గంటసేపైనను నెమ్మది దొరకును. పున్నమినాడును, దానికి ముందు రెండు, వెనుక రెండు రాత్రులును వెన్నెలలో చూడనిత్తురు. శుక్రవారములును రంజాను మాసమును ఇందుకు మినహాయింపు. గోరీలున్న లోపలి మందిరమునకు 2018 డిసెంబరు నుండి 200 రూపాయల టిక్కెట్టు వేరుగ పెట్టిరి. ఆ సొమ్మునకు వెనుదీయవలదు, పొదుగుపని చూడనివాడు తాజమహలును చూడనట్లే. నేలమాళిగను షాజహాను ఉర్సునాడు, రజబు మాసమున మూడు దినములు మాత్రమే తెరతురు. చలువరాతిపై పేర్లు గీయవలదు, పొదుగుపూవులను గోటితో గీరి చూడవలదు. కోట్ల చేతులు తాకిన చోట రాయి జిడ్డుదేరుచున్నది. సాయంకాలము నదిని దాటి మహతాబు తోటలో కూర్చున్నయెడల, పడవలలో వచ్చిన మొగలు సర్దారులు చూచిన ముఖము కనబడును. మొదట ఇతిమాదుద్దౌలా మందిరమును, తరువాత కోటను, కడపట తాజమహలును చూచుట నా సలహా. ఆ క్రమమున చూచినవారికి ఈ విద్య ఎట్లు పెరిగి పండినదో కంటికి కట్టినట్లు తెలియును.

వచ్చు ప్రకరణమున, ఉస్తాదు అహమ్మదు కుమారుడు అతావుల్లా ఔరంగజేబు భార్య దిల్రసు బానునకై కట్టిన బీబీ కా మక్బరాను గూర్చి చెప్పుకొందము. ఔరంగాబాదులోని ఆ కట్టడము 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే.